ప్రత్యామ్నాయం కూడా మూసుకుపోయినప్పుడు: బహుళ వైకల్యాలు – సాంకేతిక రూపకల్పన

దివ్యాంగుల కోసం పరికరాలు, సాఫ్ట్‌వేర్ రూపొందించేవారు సాధారణంగా ఒక సూత్రాన్ని పాటిస్తారు: ఒక ఇంద్రియం చేయలేని పనిని మరొకదానికి అప్పగించడం. చూపు లేనివారికి మాట, వినికిడి లేనివారికి అక్షరం, చేతులు ఆడనివారికి గొంతు. రెండు వైకల్యాలు కలిసిన మనిషి దగ్గర ఈ సూత్రం తడబడుతుంది. సమాచారాన్ని అందుకునే తీరు, జవాబిచ్చే తీరు, అందుకు పట్టే సమయం – ఈ మూడింటినీ వాడేవారు విడివిడిగా మార్చుకోగలిగితేనే ఈ చిక్కు వీడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు, వారిలో సుమారు 21 లక్షల మందికి ఒకటికి మించిన వైకల్యాలున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బహుళ వైకల్యాలను గుర్తించి, చూపు, వినికిడి రెండూ లోపించిన స్థితిని అందులో చేర్చింది.

ప్రమాణం దాటినా తెరుచుకోని తలుపు

వెబ్ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ ప్రకారం క్యాప్చాకు (వాడేది మనిషో యంత్రమో తేల్చే పరీక్షకు) వేర్వేరు ఇంద్రియాలకు అందే రూపాలుండాలి. బొమ్మకు తోడు శబ్దం పెడితే ఆ షరతు తీరుతుంది. కానీ బ్రెయిలీ డిస్‌ప్లేను వేళ్లతో చదివే బధిరాంధులకు ఆ రెండూ అందవు. అత్యున్నత స్థాయిని అందుకున్న పేజీ సైతం అన్ని రకాల వైకల్యాల కలయికలకూ సరిపోదని ఆ ప్రమాణమే ఒప్పుకుంటోంది.

తెలుగులో మరో అడ్డంకి ఉంది. ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ కంటికి చక్కగానే కనిపిస్తుంది. లోపల ఉన్నవి మాత్రం యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. స్క్రీన్ రీడర్‌కూ, బ్రెయిలీ డిస్‌ప్లేకూ చేరేది అర్థంలేని గుర్తుల వరుస. అదే పాఠం యూనికోడ్‌లో ఉంటే మాటగానూ, భారతి బ్రెయిలీగానూ, పెద్ద అక్షరాలుగానూ మారగలదు.

గడియారం అనే అడ్డు

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో కొందరు ఒకే స్విచ్‌తో ఫోన్ నడుపుతారు. తెరమీది అంశాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావలసినది రాగానే స్విచ్ నొక్కాలి. పది అంకెల కీప్యాడ్‌లో ఒక్కో అంకె దగ్గర 2 సెకన్లు ఆగి, ప్రతిసారీ మొదటినుంచి మొదలైతే, 6 అంకెల ఓటీపీకి గరిష్ఠంగా 2 నిమిషాలు పడుతుంది. చూపున్నవారు అలవాటుపడ్డాక వేగం పెంచుకోవచ్చు. చూపు కూడా లేనివారు ప్రతి అంకె పేరూ చెవిన పడేదాకా ఆగాలి. ఈలోగా ఓటీపీ గడువు ముగిస్తే అంతా మళ్లీ మొదటికే. కనుక గడువు పెంచుకునే వీలు మొదటి తెరలోనే ఉండాలి.

న్యాయస్థానం చెప్పింది

డిజిటల్ కేవైసీలో కళ్లు ఆర్పి చూపమనే నిబంధన యాసిడ్ దాడి బాధితులను వెనక్కి పంపింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తేల్చి, వేరే పద్ధతులనూ అనుమతించాలని ఆదేశించింది. అయితే ముఖం దెబ్బతిన్నవారిలో చూపు కోల్పోయినవారూ ఉంటారు. ముఖాన్ని చట్రంలోకి తెచ్చుకోమనే సూచన తెరమీద మాత్రమే కనిపిస్తే, ఆ కొత్త పద్ధతీ వారికి అక్కరకు రాదు.

ముగింపు

అంధులతో ఒకరోజు, బధిరులతో మరోరోజు జరిపే పరీక్షల్లో ఈ లోపాలు బయటపడవు. చెన్నై సమీపంలోని ముట్టుకాడులో బహుళ వైకల్యాల కోసమే జాతీయ సంస్థ ఉంది. ప్రభుత్వ యాప్‌లు విడుదలకు ముందు అలాంటి చోట, రెండు వైకల్యాలున్నవారి చేతుల్లో, లాగిన్ నుంచి రసీదు దాకా పూర్తి పనితో పరీక్షకు నిలవాలి. టెండరు షరతుల్లోనే ఆ నియమం చేర్చాలి.