జ్ఞాపకం: అధ్యయన చరిత్ర

గడిచిన అనుభవం మనసులో నిలిచి, కోరినప్పుడో కోరకుండానో మళ్ళీ తెలియరావడాన్ని జ్ఞాపకం లేదా స్మృతి అంటారు. ఎక్కాలు అప్పజెప్పడం, ఏళ్ళ తర్వాత కూడా సైకిలు తొక్కగలగడం దీని పరిధిలోవే. ఈ వ్యాసం మాత్రం ముఖ్యంగా సొంత అనుభవాల జ్ఞాపకానికి, దాని ప్రభావం మనిషి మీద ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి జరిగిన పరిశీలనలకు పరిమితం.

భారతీయ దర్శనాలలో

పతంజలి యోగసూత్రాలు అయిదు చిత్తవృత్తులలో ఒకటిగా స్మృతిని లెక్కించాయి. న్యాయ వైశేషికులు ఇంకా లోతుకు వెళ్ళారు. వారి మతంలో అనుభవం ఆత్మలో ‘భావన’ అనే సంస్కారాన్ని మిగులుస్తుంది. తగిన ఉద్బోధకం తటస్థపడగానే అది మేల్కొని స్మృతిని పుట్టిస్తుంది. గౌతముని న్యాయసూత్రాలు మూడో అధ్యాయంలో ఈ ఉద్బోధకాలను ఇరవైకి పైగా చెప్పాయి. ఏకాగ్రత, అభ్యాసం, గుర్తు, పోలిక వంటివాటి సరసనే ఎడబాటు, సుఖం, దుఃఖం, ద్వేషం, భయం కూడా ఉన్నాయి. ఉద్వేగానికీ జ్ఞాపకానికీ గల చుట్టరికాన్ని అంత తొలినాళ్ళలోనే గుర్తించడం గొప్ప విషయం. కాళిదాసు నాటకంలో శకుంతలను మరిచిపోయిన దుష్యంతుడికి ఉంగరం చేసిన పని ఉద్బోధకం చేసే పనే.

ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈ చర్చనంతా కొద్ది మాటలలోకి తెచ్చింది. అందులో స్మృతి యథార్థం, అయథార్థం అని రెండు విధాలు. మొదటి అనుభవం నిజమైతే స్మృతి నిజం, అనుభవమే భ్రమ అయితే స్మృతి కూడా తప్పు. సరిగా చూసిన విషయం కూడా కాలం గడిచేకొద్దీ మనసులో మారిపోగలదా అన్నది 20వ శతాబ్దంలో ముందుకు వచ్చిన ప్రశ్న.

ఐరోపాలో

ప్లేటో జ్ఞాపకాన్ని మైనపు పలక మీది ముద్రతో పోల్చాడు. అరిస్టాటిల్ దానంతటది గుర్తుండటాన్నీ, ప్రయత్నించి గుర్తు తెచ్చుకోవడాన్నీ వేరు చేశాడు. ఆ తర్వాత చాలా శతాబ్దాలపాటు ఉపన్యాసాలు, గ్రంథాలు కంఠస్థం చేసే పద్ధతులే ఎక్కువగా సాగాయి. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్యుడు ఇంటి మీద బెంగతో చిక్కిపోయేవారి స్థితిని ఒక వ్యాధిగా వర్ణించి, దానికి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు.

ప్రయోగాల కాలం

జ్ఞాపకాన్ని కొలవవచ్చని మొదట నిరూపించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్. ఆయనకు ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. పరీక్షకుడూ పరీక్షితుడూ తానే. పాత పరిచయాలు అడ్డురాకుండా రెండు హల్లుల మధ్య ఒక అచ్చు చొప్పున సుమారు 2,300 అర్థం లేని అక్షరపుంజాలు తయారు చేసుకున్నాడు. వాటిని వరుసలుగా పేర్చి, నిమిషానికి 150 చొప్పున ఒకే వేగంతో, తడబడకుండా వచ్చేదాకా పైకి చదివేవాడు. కొంత వ్యవధి ఇచ్చి అదే వరుసను మళ్ళీ నేర్చుకుని, రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కగట్టేవాడు. 20 నిమిషాలకు 58 శాతం, గంటకు 44 శాతం, ఒక రోజుకు 34 శాతం, 31 రోజులకు 21 శాతం శ్రమ ఆదా అయింది. అంటే మరుపు మొదటి గంటలోనే ముమ్మరంగా వచ్చి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. 1879–80లోనూ మళ్ళీ 1883–84లోనూ చేసిన ఈ పరీక్షలు 1885లో పుస్తకంగా వచ్చాయి. ఒంటరిగా, ఇంత నిష్ఠతో సాగిన పరిశోధనలు మనోవిజ్ఞానంలో బహు అరుదు.

అదే కాలంలో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ కాగితాల మీద 75 మాటలు రాసుకుని, ఒక్కొక్కటి చూడగానే మనసుకు ఏం తోస్తుందో నమోదు చేశాడు. వాటిలో చిన్ననాటి సంగతులు ఎన్నో ఉన్నాయి. 1899లో అమెరికాలో కోల్‌గ్రోవ్ 179 మందిని లింకన్ హత్యావార్త విన్నప్పుడు ఎక్కడున్నారో అడిగాడు. హత్య జరిగి 30 ఏళ్ళు దాటినా 127 మంది వివరాలు చెప్పారు.

ఎబింగ్‌హౌస్ అర్థాన్ని తొలగించి పరీక్షిస్తే, కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అర్థాన్నే పట్టుకున్నాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల దయ్యాల యుద్ధం కథను విద్యార్థుల చేత చదివించి, కొన్ని నిమిషాల తర్వాత, రోజుల తర్వాత, నెలల తర్వాత తిరిగి రాయించాడు. కథ ప్రతిసారీ పొట్టిదయింది. దోనె పడవ అయింది, సీల్ జంతువుల వేట చేపలు పట్టడం అయింది. చచ్చిపోయేవాడి నోటి నుంచి నల్లనిదేదో రావడం వారికి అంతుబట్టక నురగగా మారింది. రాసినవారెవరూ అబద్ధమాడలేదు, తమకు తెలిసిన లోకంలో ఇమిడేటట్టు కథను సర్దుకున్నారు. గుర్తు చేసుకోవడమంటే దాచినదాన్ని బయటికి తీయడం కాదని, ఉన్న ముక్కలతో మళ్ళీ కట్టుకోవడమని 1932లో వచ్చిన బార్ట్‌లెట్ గ్రంథం వాదించింది. తర్వాతి పరిశోధనల్లో చాలాభాగం ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

జ్ఞాపకం పోయిన మనుషులు

1953 ఆగస్టు 25న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ తీవ్రమైన మూర్ఛలతో బాధపడుతున్న 27 ఏళ్ళ హెన్రీ మొలైసన్‌కు శస్త్రచికిత్స చేసి, మెదడుకు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలాభాగం తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి. కొత్త అనుభవమేదీ నిలవకుండా పోయింది. చదివిన పత్రికనే కొత్తదానిలా మళ్ళీ చదివేవాడు. మేనమామో బాబాయో అయిన ఒక బంధువు చనిపోయాడని చెబితే బాధపడి, కాసేపటికి మరిచి, ఆయన ఎప్పుడు వస్తాడని అడిగేవాడు. మళ్ళీ చెబితే మళ్ళీ అంత దుఃఖమూ కొత్తగా పడేవాడు. దుఃఖం పాతబడాలన్నా జ్ఞాపకం కావాలని ఆయన జీవితం తెలిపింది. అయితే అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమంటే, ముందు గీసిన సంగతి గుర్తులేకపోయినా చేతికి మాత్రం నేర్పు పెరుగుతూ వచ్చింది. చేతి నేర్పూ అనుభవ స్మృతీ వేరని ఈ పరీక్షతో చూపిన బ్రెండా మిల్నర్ ఆయనను దశాబ్దాలపాటు పరిశీలించారు. మొలైసన్ 2008లో మరణించేవరకూ పరిశోధనా పత్రాల్లో రెండు పొడి అక్షరాలతోనే తెలుసు.

1972లో ఎండెల్ టుల్వింగ్ లోకజ్ఞానపు స్మృతినీ, తాను అనుభవించిన ఘటనల స్మృతినీ వేరు చేశాడు. మోటార్‌సైకిల్ ప్రమాదంలో రెండో రకం స్మృతి కోల్పోయిన ఒక కెనడా రోగి రేపు ఏం చేస్తావని అడిగితే మనసంతా ఖాళీగా ఉందనేవాడు. గతాన్ని తలచుకోలేనివాడు భవిష్యత్తును కూడా ఊహించుకోలేడని టుల్వింగ్ గ్రహించాడు.

తప్పు జ్ఞాపకాలు

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్లు గుద్దుకునే దృశ్యాలు చూపి, ప్రశ్నలో మాట తీవ్రతను మార్చితే సాక్షులు చెప్పే వేగం కూడా మారుతుందని చూపారు. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు అట్లాంటాలో విద్యార్థులు రాసిచ్చిన వివరాలను, సుమారు రెండున్నరేళ్ళ తర్వాత వారిలో 44 మంది చెప్పినవాటితో పోల్చగా, నాలుగోవంతు మంది ముఖ్యాంశాలన్నీ తప్పు చెప్పారు. వారి నమ్మకం మాత్రం సడలలేదు. 2000లో కరీం నాదర్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, తలచుకున్న భయస్మృతి కాసేపు మెత్తబడి మళ్ళీ గట్టిపడవలసి వస్తుందని తేలింది.

తెలుగులో

అవధానంలో అప్పటికప్పుడు అల్లిన పద్యాలన్నీ చివర అప్పజెప్పే ధారణ తెలుగువారి ప్రత్యేక సంపద. తిరుపతి వేంకట కవులు దాన్ని ఊరూరా తిప్పారు. వారిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ‘కథలు గాథలు’లో తన కాలపు మనుషులనూ సభలనూ నెమరు వేసుకున్నారు. వీరేశలింగం స్వీయచరిత్రతో ఊపందుకున్న ఆత్మకథారచన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’లో గోదావరి పల్లెల నడవడినీ సంభాషణలనూ అక్షరాల్లో నిలిపింది. ఆ కోవలోనే చెప్పుకోదగినది చిలకమర్తి లక్ష్మీనరసింహం స్వీయచరిత్ర. చూపు పోయిన తర్వాత ఆయన దాన్ని చెప్పి రాయించారు.