పద్దు పుస్తకం, పాల కొలత

సత్యవేడు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాకు చెందింది. సరిహద్దు వివాదంలో మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మీద హద్దులు మారి, 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలో కలిసింది. 2022 నుంచి తిరుపతి జిల్లా. ఇక్కడ అంగట్లో బేరం తెలుగులో మొదలై తమిళంలో తెగినా ఎవరూ వింతగా చూడరు. అయితే హద్దుకు ఏ పక్కనైనా ఒక అలవాటు మారలేదు. ఆడవాళ్లు పాలు పోసినా, పూలు కట్టినా, దోసె పిండి అమ్మినా దాన్ని వ్యాపారం అనేవాళ్లు కాదు. ‘ఇంటి ఖర్చుకు ఏదో చేసుకుంటా ఉంది’ అనేవాళ్లు.

నీతిగా వ్యాపారం చేయడం అనగానే మనం మనిషి గుణం గురించి మాట్లాడతాం. ఈ సీమ ఆడవాళ్ల డబ్బు కథ చూస్తే నాకు వేరేలా తోస్తుంది. నీతికి కొదవ ఎప్పుడూ లేదు. కొలత, పద్దు రెండూ వాళ్ల చేతిలో లేవు, అంతే. చీటీలనే చూడండి. పదిమంది కూడి, నోటి మాట మీద నెలనెలా కట్టి, పాడుకునేవాళ్లు. నడిపే మనిషి రాత్రికి రాత్రి ఊరు విడిస్తే నిలదీయడానికి ఒక్క కాగితం ఉండేది కాదు.

1982లో కేంద్రం పల్లె ఆడవాళ్ల గ్రూపుల కోసం మొదలుపెట్టిన డ్వాక్రా పథకం ఆ లోటు తీర్చాల్సింది. గ్రూపుకు 15 వేల రూపాయల మూలనిధి ఇచ్చారు. కాని మొదటి పదేళ్లూ అది సర్కారు పథకంగానే నడిచింది. మలుపు పక్క జిల్లా నుంచి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు పోయిన ఆడవాళ్లు సారా అంగడి మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకు రూపాయి దాచుకుందామన్నదే ‘పొదుపు లక్ష్మి’. పలక పట్టిన చెయ్యే పద్దు పుస్తకం కూడా పట్టిందన్న మాట. 1992లో నాబార్డు పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులిచ్చే ప్రయోగం మొదలుపెట్టడమూ కలిసొచ్చింది.

2000లో పేదరిక నిర్మూలన పథకం ‘వెలుగు’ తొలి విడతగా ఆరు జిల్లాల్లో మొదలైంది. అందులో చిత్తూరు ఒకటి. సంఘాల మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య వచ్చాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, సంఘంలో అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ: ఈ అయిదింటికీ పంచసూత్రాలని పేరు. చివరిది చాలాచోట్ల చదువుకున్న అబ్బాయి చేతిలోనో, లీడరు భర్త చేతిలోనో ఉండేదనే మాట దాచడం ఎందుకు? ఆ తర్వాత మైక్రో ఫైనాన్స్ వారం వారం వసూళ్లు ఊళ్లను పిండేస్తే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మరుసటేడు సంఘాలకు అప్పులిచ్చే ‘స్త్రీనిధి’ వచ్చింది. అందులో మండల సమాఖ్యలూ వాటాదారులే.

ఈ కథలో నాకు ఎక్కువ నచ్చేది వేరే ఉంది. సంఘాల్లో ఆరితేరిన మన ఆడవాళ్లు బీహారు వంటి రాష్ట్రాలకు పోయి, పరాయి ఊళ్లలో ఉండి, అక్కడి వాళ్లకు సంఘం ఎలా నడపాలో నేర్పారు. భాష రాదు, తిండి పడదు. అయినా పద్దు ఎలా రాయాలో చూపించడానికి పెద్ద హిందీ అక్కర్లేకపోయింది.

పాల దగ్గరికి వస్తే ఈ చరిత్ర ఇంకా గట్టిపడుతుంది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతబడింది. ఆ పాడి ఎక్కువగా ప్రైవేటు కేంద్రాల పాలైంది. అదే ఏడాది కంపెనీల చట్టాన్ని సవరించి ఉత్పత్తిదారుల కంపెనీలకు దారి వేశారు. వాటా ఎంతున్నా ఒక మనిషికి ఒకే ఓటు. 2014లో తిరుపతి కేంద్రంగా, ఎన్‌డీడీబీ డెయిరీ సర్వీసెస్ తోడ్పాటుతో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఆ దారిలోనే పుట్టింది. సభ్యులంతా ఆడవాళ్లే. తర్వాత లక్ష దాటారు.

పాలకేంద్రం దగ్గర కాసేపు నిలబడి చూడండి. గిన్నెలో పాలు తీసి మిషను గొట్టం ముంచుతారు. నిమిషం తిరక్కుండా వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) ఎర్రంకెల్లో కనబడతాయి. ఇదివరకైతే లాక్టోమీటరు. నీళ్లు కలిస్తే అది ఇంకాస్త లోతుకు దిగేది. దాని గీత చదివేది కొనేవాడు, రేటు చెప్పేదీ వాడే. ‘నీ ఆవు పాలు పల్చన’ అంటే ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? ఇప్పుడు అంకె అందరికీ కనిపిస్తుంది, చీటీ చేతికొస్తుంది, డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది. నీళ్లు పోసిన ఆమె పరువూ ఆ వరసలోనే పోతుంది, అది వేరే సంగతి. పక్కామె ముందు తల దించుకోవడం కన్నా పెద్ద తనిఖీ ఏముంటుంది?

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008 నుంచి శ్రీసిటీ పారిశ్రామికవాడ లేచింది. అక్కడి సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో లైన్ల మీద పనిచేసేవాళ్లలో అత్యధికులు అమ్మాయిలే. తెల్లారగానే కోడలు కంపెనీ బస్సు ఎక్కుతుంది, అత్త పాల క్యానుతో కేంద్రానికి నడుస్తుంది. కోడలిది జీతం, అత్తది సొంత లెక్క. అత్త మోకాళ్లు సహకరించని రోజున ఆ ఆవును ఎవరు పితుకుతారన్నది ఇంకా ఆ ఇంట్లో తేలలేదు.