విశ్వవిద్యాలయం రాకముందే ఉపన్యాసం వచ్చింది

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారికి విశ్వవిద్యాలయం చాలా ఆలస్యంగా దక్కింది గాని, ఉపన్యాసం కొత్త కాదు. ప్రొద్దుటూరులో దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి గార్లు జంటగా అవధానాలు చేసిన కాలం నుండి, పుట్టపర్తి నారాయణాచార్యులు గారు అగస్త్యేశ్వరాలయంలో ‘శివతాండవం’ రచించిన కాలం దాకా, సభ అంటే అంగడి మూసి వచ్చే జనం ఇక్కడ ఉండేవారు. పద్యం పూర్తిగా అర్థం కాకపోయినా చివరిదాకా కూర్చునేవారని మా తండ్రిగారు చెప్పేవారు.

ఉన్నత విద్య సంగతి వేరు. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. మన కడప కోటిరెడ్డి గారు కూడా దానిపై సంతకం చేసినవారే. చివరకు సీమకు విశ్వవిద్యాలయం వచ్చింది 1954లో, అదీ తిరుపతిలో. అక్కడి ఆచార్యులు అనుబంధ కళాశాలలకు వచ్చి ఇచ్చిన విస్తరణోపన్యాసాలే మాబోటి వారికి విశ్వవిద్యాలయం. 1969లో జాతీయ సేవా పథకం మొదలైన తరువాత విద్యార్థులు పల్లెల్లో శిబిరాలు వేసి, పగలు బాట బాగుచేసి, సాయంత్రం రచ్చబండ దగ్గర సభ పెట్టడం కూడా చూశాము.

అటువంటి సభల్లో ఒకటి నేను మరువలేనిది. 1970 దశకం చివరి రోజులు. నేను అప్పుడు ఒక తాలూకా కచేరీలో గుమాస్తాను. పౌరుడు, ప్రభుత్వం అన్న విషయం మీద రాజనీతిశాస్త్ర ఆచార్యులొకరు మాట్లాడారు. చివర ప్రశ్నలు అడగమంటే విద్యార్థులు తలలు వంచుకున్నారు. వెనుక వరుసలో నుండి ఒక రైతు లేచి, “సార్, అడంగల్ నకలు అడిగితే రేపు రా, మాపు రా అంటాండారు. దానికి చట్టంలో ఏముందో చెప్పండి” అన్నాడు. ఆచార్యులవారు నవ్వలేదు. “అర్జీ రాసి ఇవ్వండి. ఇచ్చినట్లు రసీదు అడగండి. కుదరదంటే ఎందుకు కుదరదో అదీ రాసి ఇమ్మనండి” అన్నారు.

ఆ రైతును రెండు రోజుల క్రితం తిప్పి పంపింది నేనే. స్తంభం చాటుకు జరిగి కూర్చున్నాను.

మరునాడు పది గంటలకే ఆయన అర్జీతో వచ్చాడు. నా ముఖం గుర్తుపట్టాడో లేదో తెలియదు, “రసీదు సార్” అన్నాడు అంతే. మధ్యాహ్నానికి నకలు ఇచ్చాను. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చింది ఆయనే. ముఠాకక్షల పేరుతోనే పత్రికలకెక్కిన మన పల్లెల్లో, ఒక సామాన్యుడు నలుగురి మధ్య లేచి నిలబడి ప్రశ్న అడగడం ఎంత పెద్ద విషయమో ఆ కాలం ఉద్యోగులకు తెలుసు.

1977లో కడపలో స్నాతకోత్తర కేంద్రం పెట్టారు. అదే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. అయితే జిల్లాకు సాహిత్య వేదికను కట్టింది ఒక విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడని పింఛనుదారులమైన మనం గర్వంగా చెప్పుకోవచ్చు. ఆయనే స్వర్గీయ జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి తెలుగు మొదలుపెట్టాడు. తరువాత తన బంగళాలో పండితులను పెట్టుకొని తాళపత్రాలను పరిష్కరింపజేశాడు. దాన్నే జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. ఆ బంగళా ఉన్న చోటనే, 1987లో పునాది వేసి, చందాలు అడిగి, ఇంటింటా పుస్తకాలు సేకరించి, 1995 నాటికి గ్రంథాలయాన్ని నిలబెట్టారు శాస్త్రిగారు. 2006లో దాన్ని విశ్వవిద్యాలయం తన ఆధీనంలోకి తీసుకుంది. కట్టా నరసింహులు గారి సంపాదకత్వంలో కడప జిల్లా మెకంజీ కైఫియ్యత్తులను సంపుటాలుగా ప్రచురించింది కూడా ఆ కేంద్రమే. ఏ ఊరి చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎవరు మాన్యమిచ్చారు అన్నవి అందులో చదివితే తాలూకా కచేరీలో పనిచేసిన వారికి పాత దస్త్రం తెరిచినట్లే ఉంటుంది.

ఇబ్బంది ఒకటే. ఉపన్యాసం కడపలో. సాయంత్రం సభ ముగిసేసరికి పులివెందుల వారికి బస్సు చింత. రమారమి డెబ్భై కిలోమీటర్లు, పైగా మోకాళ్ల నొప్పులు. నేను రెండుసార్లు ప్రశ్నల సమయానికి ముందే లేచి వచ్చేశాను. ప్రశ్నలు లేని ఉపన్యాసం సగమే విన్నట్లు. అందుచేత మన సంఘం తరఫున విశ్వవిద్యాలయం వారికి ఒక అర్జీ పెట్టాలని నా ప్రతిపాదన: ఏడాదికి మూడు ఉపన్యాసాలు, మన మూడు ఊళ్లలో ఊరికొకటి, ఆదివారం ఉదయం. కుర్చీలు, మంచినీళ్లు మనవి. అర్జీ నేనే రాస్తాను, రసీదు కూడా నేనే అడిగి తెస్తాను.