గురువులు లేని తీర్పు

నల్లజాతి బిడ్డలకు వేఱు బడులుంచుట రాజ్యాంగవిరుద్ధమని 1954వ సంవత్సరమున అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. తీర్పు న్యాయమైనదే. కాని దక్షిణ రాష్ట్రములలో దాని నమలుపఱచిన తీరు వేఱు. పలుచోట్ల నల్లజాతివారి బడులనే మూసివేసిరి. పిల్లలను దెల్లవారి బడులకు బంపిరి. వేలకొలది నల్లజాతి ఉపాధ్యాయులు మాత్రము కొలువులు గోల్పోయిరి. తమ్మెఱిగిన గురువులు లేని తరగతులలో నా బిడ్డలు కూర్చుండవలసివచ్చెను.

పిమ్మట పండితు లనేకులు "ఈ పిల్లలేల వెనుకబడిరి?" అని విచారించుచు వచ్చిరి. గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అను విదుషీమణి ప్రశ్ననే మార్చెను: వీరికి జక్కగా జదువు చెప్పుచున్నవా రెవరు? ఉత్తర కాలిఫోర్నియాలో తల్లిదండ్రులును, ప్రధానోపాధ్యాయులును గూడ మెచ్చిన యెనమండుగురి బోధనను ఆమె పరిశీలించి, 1994లో గ్రంథముగా వెలువరించెను. వారిలో నైదుగురు నల్లవారు, ముగ్గురు తెల్లవారు. బోధనరీతులు వేఱైనను, ప్రతి బిడ్డయు నేర్వగలడను నమ్మకమును, బిడ్డ యింటి సంస్కృతియెడ గౌరవమును అందఱిలో నుండెను.

శ్రోతలారా! 2006లో నామె మఱియొక మాట చెప్పెను. బిడ్డల వెనుకబాటని మన మనునది నిజమునకు విద్యాఋణము. తరతరములుగా వారికీయవలసినది యీయకపోవుటచే బేరుకొనిన బాకీ. దానిని దీర్చవలసినవారు పెద్దలు.