తెలుగు సినిమా పైరసీ నిరోధక చట్టాలు, ఇంటర్నెట్ స్వేచ్ఛ

తెలుగు సినిమాల దొంగ ప్రతులను అడ్డుకోవడానికి 1980ల నుంచి వచ్చిన చట్టాలు, కోర్టు ఉత్తర్వులు, పోలీసు చర్యల చరిత్ర హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలతో ముడిపడి ఉంది. నిర్మాణ సంస్థల కార్యాలయాలు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్, దాని పైరసీ నిరోధక విభాగం ఫిల్మ్‌నగర్‌లోనే పనిచేస్తాయి. మొదట్లో చట్టం గురి దొంగ క్యాసెట్ అమ్మే షాపు మీద ఉండేది. తర్వాత అది ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీల మీదికి మళ్లింది. దాంతో పైరసీతో సంబంధం లేని వాళ్లకూ దాని దెబ్బ తగిలింది. 2012లో ‘దమ్ము’ సినిమా కోసం తెచ్చుకున్న కోర్టు ఉత్తర్వు ఇందుకు ఒక పెద్ద ఉదాహరణ.

క్యాసెట్ల కాలం

మద్రాసు నుంచి తెలుగు పరిశ్రమ క్రమంగా హైదరాబాద్‌కు తరలివస్తున్న రోజుల్లోనే వీడియో క్యాసెట్ కూడా వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. ఆ తర్వాతి పదేళ్లలో ఊరూరా వీడియో పార్లర్లు వెలిశాయి, కొత్త సినిమా క్యాసెట్లు అద్దెకు దొరకసాగాయి. కేంద్రం 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించింది. క్యాసెట్ మీద హక్కుదారు వివరాలు, సెన్సార్ సర్టిఫికెట్ వివరాలు ఉండాలన్న నిబంధన అప్పుడే వచ్చింది. కాపీరైట్ ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఖరారయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక వీడియో క్యాసెట్ల కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. క్యాసెట్ మీద చట్టం అడిగిన వివరాలు లేకపోతే చాలు, అసలు హక్కుదారు ఎవరో ప్రాసిక్యూషన్ వెతికి పట్టుకుని నిరూపించనక్కర్లేదని పేర్కొంది. పోలీసుల పని దీంతో సులువైంది. తమిళనాడు 2004లో వీడియో పైరసీ చేసేవారిని గూండా చట్టం పరిధిలోకి తెచ్చి, విచారణ లేకుండానే నిర్బంధించే వీలు కల్పించింది. ఇంతవరకూ చట్టం పట్టుకున్నది అమ్మేవాడినీ అద్దెకిచ్చేవాడినీ మాత్రమే.

‘దమ్ము’ ఉత్తర్వు

పెద్ద సినిమా పెట్టుబడిలో అధిక భాగం మొదటి వారాంతంలోనే తిరిగి రావాలి. ఆ మూడు రోజుల్లో నెట్‌లోకి ప్రింట్ వస్తే, ఆ తర్వాత కేసు గెలిచినా నిర్మాతకు ఒరిగేది ఉండదు. అందుకే దొంగతనం జరగకముందే ఉత్తర్వు తెచ్చుకునే పద్ధతి మొదలైంది. నిందితుడి పేరు తెలియదు కాబట్టి ‘జాన్ డో’ అనో, భారతీయ వాడుకలో ‘అశోక్ కుమార్’ అనో ఊహాజనిత పేరు పెట్టి దావా వేస్తారు.

2012 వేసవిలో మద్రాసు హైకోర్టు నుంచి ఇలాంటి ఉత్తర్వులు వచ్చాయి. అవి తమిళ చిత్రం ‘3’, బోయపాటి శ్రీను దర్శకత్వంలో జూనియర్ ఎన్టీఆర్ నటించిన ‘దమ్ము’ కోసం. వాటిని అమలు చేసే క్రమంలో కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు ఫలానా పేజీ అని చూడకుండా మొత్తం సైట్లకే తాళం వేశాయి. మే నెలలో విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్, పైరేట్ బే సైట్లు దేశంలో చాలామందికి తెరుచుకోలేదు. వీటిలో విమియో స్వతంత్ర దర్శకులు తమ లఘుచిత్రాలు పెట్టుకునే చోటు. పేస్ట్‌బిన్ ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే చోటు. సైట్ తెరిస్తే, అధికారుల లేదా కోర్టు ఆదేశంతో ఆపేశామన్న ఒక్క వాక్యం కనిపించేది. ఏ కోర్టు, ఏ కేసు, ఎవరిని అడగాలి అన్నది అందులో ఉండేది కాదు.

నిరసనగా అనానిమస్ పేరుతో హ్యాకర్లు వెబ్‌సైట్ల మీద దాడులు చేశారు. జూన్ 9న పలు నగరాల్లో యువకులు ఆ బృందం గుర్తైన గై ఫాక్స్ మాస్కులు పెట్టుకుని వీధుల్లోకి వచ్చారు. చివరకు ఇంటర్నెట్ కంపెనీలు కోర్టును ఆశ్రయించాయి. ఉత్తర్వు వర్తించేది దొంగ ప్రతి ఉన్న నిర్దిష్ట యూఆర్ఎల్‌కే తప్ప మొత్తం సైట్‌కు కాదని హైకోర్టు అదే నెలలో స్పష్టం చేసింది.

ఇతర దేశాల్లో

2012లోనూ, దానికి ముందూ వెనకా ఇతర దేశాల్లోనూ ఇదే పేచీ నడిచింది. అమెరికాలో పైరసీ నిరోధానికి ప్రతిపాదించిన సోపా, పీపా బిల్లులకు వ్యతిరేకంగా 2012 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా ఒక రోజంతా మూతపడింది. రెండు రోజులకే ఆ బిల్లులు వాయిదా పడ్డాయి. నకిలీలు, పైరసీని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం యాక్టాను అదే ఏడాది జూలై 4న యూరోపియన్ పార్లమెంటు 478–39 ఓట్లతో తిరస్కరించింది. పదేపదే పైరసీ చేసినవారి ఇంటర్నెట్ కనెక్షన్ కత్తిరించే హడోపి చట్టాన్ని ఫ్రాన్స్ 2009లో తెచ్చి, కనెక్షన్ కత్తిరింపు శిక్షను 2013లో తీసేసింది. ఇటలీలో 2024లో మొదలైన ‘పైరసీ షీల్డ్’ వ్యవస్థ ఫుట్‌బాల్ దొంగ ప్రసారాలను ఆపబోయి అక్టోబరులో గూగుల్ డ్రైవ్‌కే అడ్డుపడింది.

లోపలి లీకులు

పవన్ కల్యాణ్ నటించిన ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే, 2013 సెప్టెంబరులో, దాదాపు గంటన్నర నిడివి ఉన్న భాగం బయటికొచ్చింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలుగా చేతులు మారి, నెట్‌కెక్కింది. నిర్మాణ బృందంలో పనిచేసిన సహాయకుడి దగ్గర నుంచే అది బయటపడిందని పోలీసులు తేల్చారు. అక్టోబరు 9న రావలసిన సినిమాను సెప్టెంబరు 27కే విడుదల చేశారు. అది భారీ విజయం సాధించింది. 2018లో ‘గీత గోవిందం’ సన్నివేశాలు, ‘టాక్సీవాలా’ పూర్తి ప్రతి కూడా విడుదలకు ముందే లీకయ్యాయి. ఇలాంటి దొంగతనాలకు మూలం ఎడిటింగ్ గదుల చుట్టుపక్కలే ఉంటుంది కనుక సైట్లు మూయించినంత మాత్రాన అవి ఆగవు. థియేటర్లో కెమెరాతో తీసిన ప్రింట్ విషయంలో మరో ఆధారం ఉంటుంది. డిజిటల్ ప్రొజెక్షన్‌లో కంటికి కనపడని వాటర్‌మార్క్ ఏ స్క్రీన్లో, ఏ షోలో చిత్రీకరించారో పట్టిస్తుంది.

పోలీసు విభాగం, కోర్టుల దారులు

లండన్ పోలీసుల మేధో సంపత్తి నేరాల విభాగాన్ని చూసి తెలంగాణ ప్రభుత్వం 2016లో అలాంటి విభాగాన్నే ఏర్పాటు చేసింది. 2017లో ‘బాహుబలి 2’ను నెట్‌లో పెడతామని బెదిరించి డబ్బు అడిగిన ముఠాను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు.

2016లో బొంబాయి హైకోర్టు హిందీ చిత్రం ‘డిష్యూం’ కేసులో, ఆధారం చూపకుండా సైట్ల జాబితా ఇస్తే కుదరదంది. సైట్ ఆపితే ఆ పేజీలో కేసు నంబరు, ఫిర్యాదుకు ఈమెయిల్ ఉండాలని చెప్పింది. దొంగ ప్రింట్ చూడడమే నేరమన్న భయం నెట్‌లో వ్యాపించినప్పుడు, పంపిణీ, ప్రదర్శన, అమ్మకం లాంటివే నేరమని, చూడడం కాదని తేల్చింది. ఢిల్లీ హైకోర్టు 2019లో మరో దారి పట్టింది. పూర్తిగా పైరసీ కోసమే నడిచే సైట్లను మొత్తంగా మూయించవచ్చంది. పేరు మార్చి మళ్లీ వచ్చే మిర్రర్ సైట్లను కొత్త దావా లేకుండానే జాబితాలో చేర్చుకోవచ్చంది.

2023 సవరణ

ఇంటర్నెట్‌లో భావప్రకటన స్వేచ్ఛకు సంబంధించిన శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటీసో ఉంటేనే ఇంటర్నెట్ సంస్థలు ఏదైనా తొలగించాలంది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ఇందులో రెండో దారిని వెడల్పు చేసింది. ఈ చట్టం ప్రకారం థియేటర్లో దొంగచాటుగా చిత్రీకరిస్తే కనీసం మూడు నెలల జైలు, 3 లక్షల జరిమానా. గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు, సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా. అదే ఏడాది నవంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ నోడల్ అధికారులను నియమించింది. వాళ్ల ఆదేశం వస్తే వేదికలు 48 గంటల్లో లింకు తొలగించాలి. ఫిర్యాదు చేసినవారు హక్కుదారు కాకపోతే అధికారి విచారణ జరపవచ్చు. ఇంతకుముందు జడ్జి తూచి చూసే విషయం ఇప్పుడు అధికారి బల్ల మీదే తేలిపోతోంది.

ఐబొమ్మ కేసు

తెలుగు సినిమాలను ఉచితంగా చూపిన ఐబొమ్మ సైట్, ఎన్నిసార్లు ఆపినా డొమైన్ మార్చి తిరిగొచ్చేది. ఫిల్మ్ ఛాంబర్ ఫిర్యాదు మీద దర్యాప్తు చేసిన హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు 2025 నవంబరులో నిర్వాహకుడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. సైట్ ఆగిపోయింది, కానీ అదే పేరును పోలిన సైట్లు మళ్లీ కనిపించాయి. సైట్ వెనుక బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల డబ్బు ఉందని పోలీసులు చెప్పారు. మరోవైపు సామాజిక మాధ్యమాల్లో చాలామంది నిందితుడిని వెనకేసుకొచ్చి, టికెట్ల ధరలను తిట్టిపోశారు.

విమర్శ, చర్చ

కొత్త సినిమా బస్సులోనో కేబుల్ టీవీలోనో ఆడుతుంటే కోర్టుల వేగం తమకు చాలదని నిర్మాతలు అంటారు. 2025లో ‘తండేల్’ దొంగ ప్రతిని ఒక ఆర్టీసీ బస్సులో ప్రదర్శించడం, ‘గేమ్ ఛేంజర్’ స్థానిక కేబుల్‌లో ప్రసారం కావడం వాళ్లు చూపే ఉదాహరణలు. ఇంటర్నెట్ హక్కుల వాదులు పైరసీని సమర్థించరు. లింకుకు బదులు సైట్‌నే మూసినప్పుడు నష్టపోయేవారి మాట వినేదెవరని వాళ్లు అడుగుతారు. కారణం రాసి ఇవ్వాలని, ఆపిన పేజీ మీద అప్పీలు మార్గం చూపాలని, తప్పు జరిగితే త్వరగా సరిదిద్దాలని కోరతారు. సినిమాను కాపాడే ఉత్తర్వుకు హద్దు గీయాలన్న డిమాండ్‌కు వాళ్లు ఇప్పటికీ 2012 నాటి విమియో మూసివేతనే ఆధారంగా చూపుతున్నారు.