ట్రాక్టరుకు మార్పులు చేయిస్తున్నారా? ముందు వారంటీ షరతులు చూసుకోండి

పత్తి, మిరప సాగుచేసే గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో ట్రాక్టరు ఇంటికి వచ్చాక ఏదో ఒక మార్పు చేయించుకోవడం మామూలే. సాళ్లలో తిరగడానికి సన్న టైర్లు, మందు కొట్టడానికి వెనుక ట్యాంకు, రాత్రి పనికి అదనపు లైట్లు, లాగుడు పెరగడానికి డీజిల్ పంపు సెట్టింగు మార్చడం వంటివి తరచూ కనిపిస్తాయి. వీటిలో కొన్నింటికి కంపెనీ ఒప్పుకుంటుంది. కొన్నింటి వల్ల వారంటీ పోతుంది. మిరప తోటకు మందు కొట్టాల్సిన రోజుల్లో ఇంజను చెడి, వారంటీ కూడా వర్తించకపోతే మరమ్మతు ఖర్చు, బ్యాంకు కిస్తీ రెండూ రైతు మీదే పడతాయి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే

కొత్త ట్రాక్టరుతో వచ్చే మామూలు వారంటీ కొన్నేళ్లు లేదా కొన్ని పని గంటలు, ఏది ముందు పూర్తయితే అంతవరకే ఉంటుంది. ఆ తర్వాతి కాలానికి ఇచ్చేది ఎక్స్‌టెండెడ్ వారంటీ. దీని షరతులు వేరుగా ఉంటాయి. చాలావరకు ఇంజను, గేర్‌బాక్సు వంటి ముఖ్య భాగాలకే ఇది వర్తిస్తుంది. టైర్లు, బ్యాటరీలకు వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ విడిగా ఉంటుంది. అందువల్ల డీలరు నోటిమాట మీద ఆధారపడకుండా వారంటీ పుస్తకం అడిగి తీసుకోవాలి. అందులో ‘వర్తించనివి’ అని ఉన్న పేజీని ముందుగా చదవాలి, లేదా చదివించుకోవాలి.

ఇబ్బంది లేని మార్పులు

• సాళ్ల ఎడానికి తగ్గట్టు రిమ్ములు, డిస్కులు తిప్పి చక్రాల మధ్య దూరం మార్చడం. ఎంతవరకు మార్చవచ్చో ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది.
• ఆ మోడల్‌కు కంపెనీ సూచించిన సైజు సన్న టైర్లు వేయడం.
• కంపెనీ సూచించిన బరువులు ముందు భాగాన బిగించడం.
• ట్రాక్టరు హెచ్‌పీకి తగిన రోటావేటరు, గొర్రు, స్ప్రేయరు వాడడం.

వారంటీకి ముప్పు తెచ్చే మార్పులు

• డీజిల్ పంపు సీలు విప్పి డీజిల్ పెంచడం. పొగ నల్లగా వస్తుంది, ఇంజను వేడెక్కుతుంది, పిస్టన్లు, హెడ్ గాస్కెట్ దెబ్బతింటాయి. సీలు తెగి ఉంటే మెకానిక్కు చూడగానే తెలుస్తుంది. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. డీజిల్ సరఫరాను కంప్యూటర్ నియంత్రించే ఇంజన్లలో సెట్టింగులు బయట మార్పించకూడదు.
• ఎడం పెంచడానికి రిమ్ముకు ముక్కలు వెల్డింగు చేయడం, సైజుకు మించిన టైర్లు వేయడం. ఆక్సిల్ బేరింగులు, సీళ్లు, గేర్ల మీద భారం పెరుగుతుంది.
• లిఫ్టు బలం పెంచడానికి హైడ్రాలిక్ రిలీఫ్ వాల్వులో వాషర్లు వేయడం.
• లిఫ్టు సామర్థ్యానికి మించిన మందు ట్యాంకు తగిలించడం. 500 లీటర్ల నీరంటేనే 500 కిలోలు. ట్యాంకు, పంపు బరువు దానికి అదనం.
• వైరింగు కోసి లైట్లు, సౌండు బాక్సులు కలపడం.
• గంటల మీటరు వైరు తీసేయడం.
• ట్రక్కులో పరిమితికి మించి మిర్చి టిక్కీలు, పత్తి వేసి లాగడం. ఇది మార్పు కాకపోయినా ‘అధిక భారం’ కింద క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది.

చట్టం ఏం చెబుతోంది

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి 182ఎ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

మార్పు చేయించే ముందు

1. చేయించదలచిన మార్పును కాగితం మీద రాసి, దానివల్ల వారంటీ పోదని డీలరు చేత సంతకం, ముద్రతో రాయించుకోండి. ‘ఏం కాదులే’ అన్న మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.
2. అనుమతి వస్తే పనిని కంపెనీ సర్వీసు కేంద్రంలోనే చేయించి, బిల్లు తీసుకోండి.
3. సర్వీసులు గంటల ప్రకారం చేయించి, ప్రతిసారీ పుస్తకంలో ముద్ర వేయించండి. ఆయిలు, ఫిల్టర్ల బిల్లులు దాచండి.
4. పాత ట్రాక్టరు కొనేవారు వారంటీ తమ పేరుకు మారుతుందో లేదో, ముందు యజమాని ఏ మార్పులు చేశాడో తెలుసుకోవాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే

ఏ భాగం ఎందుకు చెడింది, ఏ షరతు కింద తిరస్కరిస్తున్నారు అన్నది రాతపూర్వకంగా అడగండి. లైట్లు మార్చినందుకు గేర్‌బాక్సు క్లెయిమ్ కాదంటే, ఆ రెండింటికీ సంబంధం ఏమిటో చెప్పమనండి. చెడిన భాగాన్ని వదులుకోకండి. విప్పకముందే ఫొటోలు తీసుకోండి. బయట మెకానిక్కు చేత విప్పిస్తే మీ వాదన బలహీనపడుతుంది.

అప్పటికీ పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వివాదం తలెత్తిన 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు అయితే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల వరకు ఫీజు 200 రూపాయలు. బతుకుదెరువు కోసం స్వయంగా పని చేసుకునే రైతు కూడా 2019 చట్టం ప్రకారం వినియోగదారుడే. అవసరమైతే లోపాన్ని ల్యాబులో పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది.

కొనుగోలు బిల్లు, వారంటీ పుస్తకం, సర్వీసు బిల్లులు, అనుమతి పత్రం అన్నీ పట్టాదారు పాసుపుస్తకంలా ఒకేచోట భద్రపరచుకోండి. క్లెయిమ్ వేసినప్పుడు మీ పక్షాన మాట్లాడేవి ఆ కాగితాలే.