అటక మీది స్లైడ్ రూల్: పారేయకండి, వాడి చూడండి

కొత్తగూడెం, ఇల్లందు, పాల్వంచ, మణుగూరు వైపు పాత ఉద్యోగుల ఇళ్ళల్లో అటక దులిపితే ఒక్కోసారి పొడవాటి తోలు సంచీ దొరుకుతుంది. లోపల తెల్లటి స్కేలు లాంటిది, మధ్యలో జరిగే పట్టీ, దాని మీద అటూ ఇటూ కదిలే అద్దం బిళ్ళ. పిల్లలు దాన్ని పాత స్కేలు అనుకుంటారు. పెద్దవాళ్ళు లేకపోతే అది ఏంటో చెప్పేవాళ్ళుండరు. చివరికి పాత పేపర్లతోపాటు కిలోల లెక్కన పోతుంది.

అది స్లైడ్ రూల్. క్యాలిక్యులేటర్ రాకముందు ఇంజినీర్లు, సర్వేయర్లు, గనుల అధికారులు లెక్కలు వేసుకున్న పరికరం. బ్యాటరీ లేదు, కరెంటు అక్కర్లేదు. ఇప్పుడు చాలా దేశాల్లో వీటిని సేకరించేవాళ్ళు, వాడేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో 1991లో మొదలైన ఆట్రెడ్ సొసైటీ ఈ సేకరణదారుల సంఘమే. మన దగ్గర కూడా పెద్ద ఖర్చు లేకుండా మొదలుపెట్టగల హాబీ ఇది.

ఎక్కడ పుట్టింది?

1614లో స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్ సంవర్గమానాల (లాగరిథమ్స్) పుస్తకం వేశాడు. గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మార్చే ఉపాయం అది. 1620లో ఎడ్మండ్ గంటర్ ఆ సంవర్గమానాలను ఒక గీత మీద దూరాలుగా గుర్తించాడు. కొద్ది కాలానికే, 1622 ప్రాంతంలో, విలియం ఆట్రెడ్ అనే ఇంగ్లీషు పాస్టరు అలాంటి రెండు గీతలను పక్కపక్కన పెట్టి జరిపాడు. స్లైడ్ రూల్ అలా పుట్టింది. గుణకారానికి మనం వేసే × గుర్తును 1631లో తన పుస్తకంలో వాడింది కూడా ఈయనే. 1850ల్లో ఫ్రెంచి సైన్యానికి చెందిన ఆమెడీ మాన్‌హైమ్ స్కేళ్ళను ఒక క్రమంలో పెట్టి, కర్సర్‌ను చేర్చి ఇప్పుడు మనకు కనిపించే రూపం ఇచ్చాడు.

మన ప్రాంతానికి దీంతో ఏం సంబంధం?

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో డాక్టర్ కింగ్ గుర్తించారు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వకాల హక్కులు వచ్చాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960ల్లో పాల్వంచలో థర్మల్ పవర్ స్టేషన్ వచ్చింది. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరుచుకుంది. ఇటు ఖమ్మం వైపు పాలేరు, వైరా రిజర్వాయర్లు అంతకుముందు నిజాం కాలం నాటివి. వాటి వెనక ఉన్న చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జులై 11ని తెలంగాణలో ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నాం.

ఈ పనులన్నీ క్యాలిక్యులేటర్ లేని కాలానివి. ఆ రోజుల్లో ఇంజినీరు దగ్గర లాగ్ టేబుల్స్ పుస్తకం, స్లైడ్ రూల్ ఉండాల్సిందే. ఉర్దూ కుటుంబాలకు ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకు ముందు ఏడాదే పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా, అంటే అనువాద విభాగం, పెట్టారు. 1929లో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. అంటే మన దాదాలు, పర్‌దాదాల తరంలో ఇంజినీరింగ్ లెక్కలు ఉర్దూలో నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ నోట్‌బుక్కులు ఇంట్లో ఉంటే, స్లైడ్ రూల్ కంటే అవే ఎక్కువ విలువైనవి.

ఎలా పనిచేస్తుంది?

రెండు మామూలు స్కేళ్ళు తీసుకోండి. కింది స్కేలు 2 దగ్గర పై స్కేలు సున్నా పెట్టండి. పై స్కేలు 3 కింద 5 కనిపిస్తుంది. దూరాలు కలిశాయి కాబట్టి కూడిక అయింది. స్లైడ్ రూల్‌లో కూడా జరిగేది ఇంతే. కానీ గీతలు సమాన దూరంలో ఉండవు, సంవర్గమానం ప్రకారం ఉంటాయి. 1 నుంచి 2కు ఎక్కువ దూరం, 8 నుంచి 9కి చాలా తక్కువ. అందుకే దూరాలు కలిపితే అంకెల గుణకారం వస్తుంది.

మధ్యలో జరిగే పట్టీ మీద ఉండేది సి స్కేల్. దాని కింద కదలనిది డి స్కేల్. రెండూ 1 నుంచి 10 వరకు ఒకేలా ఉంటాయి.

2 × 3 కావాలంటే: సి మీది 1ని డి మీది 2 పైన పెట్టండి. కర్సర్‌ను సి మీది 3కు జరపండి. దాని కింద డి మీద 6 ఉంటుంది.

4 × 6 అయితే 6 స్కేలు బయటికి పోతుంది. అప్పుడు సి కుడి చివరి 10ని డి మీది 4 పైన పెట్టండి. సి మీది 6 కింద 2.4 కనిపిస్తుంది. జవాబు 24.

భాగహారం దీనికి ఉల్టా. 8ని 4తో భాగించాలంటే డి మీది 8 పైన సి మీది 4 పెట్టండి. సి మీది 1 కింద 2 ఉంటుంది. వర్గం కావాలంటే ఇంకా తేలిక. కర్సర్‌ను డి మీది 3 దగ్గర పెడితే పైన ఎ స్కేల్ మీద 9 కనిపిస్తుంది. వెనక్కి చదివితే వర్గమూలం.

దశాంశ బిందువు ఎక్కడో పరికరం చెప్పదు, అది మనం తేల్చుకోవాలి. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి క్వింటాలు 14,500 రూపాయలు, మీ దగ్గర 3.6 క్వింటాళ్ళు ఉంది అనుకోండి. స్లైడ్ రూల్ 5.22 చూపిస్తుంది. సుమారుగా 4 × 15,000 అంటే 60,000 కదా. కాబట్టి జవాబు 52,200. ఇలా ముందు అంచనా వేసుకునే అలవాటే దీని అసలు లాభం. క్యాలిక్యులేటర్‌లో ఒక సున్నా ఎక్కువ నొక్కితే పిల్లలు అలాగే రాసేస్తారు. స్లైడ్ రూల్ నేర్చుకున్నవాళ్ళు ఆ తప్పును చూడగానే పట్టుకుంటారు.

గని లెక్క ఒకటి చూడండి. గ్యాలరీ వెడల్పు 4.2 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, గాలి వేగం సెకనుకు 1.5 మీటర్లు అనుకుందాం. మొదటి గుణకారంలో 12.6 చదరపు మీటర్లు. దాన్ని రాసుకోనక్కర్లేదు. కర్సర్‌ను అక్కడే ఉంచి, సి మీది 1ని దాని కిందికి తెచ్చి, కర్సర్‌ను 1.5కు జరిపితే సెకనుకు 18.9 ఘనపు మీటర్ల గాలి. మధ్యలో కాగితం, పెన్సిల్ పని లేదు.

ఇంట్లో లెక్కలకూ పనికొస్తుంది. సి మీది 1ని డి మీది 1.166 దగ్గర పెడితే తులాలకు గ్రాముల పట్టిక మొత్తం తయారైనట్టే. సి మీది 5 కింద 58.3, ఏడున్నర కింద దాదాపు 87.5. పట్టీ మళ్ళీ కదపాల్సిన పని లేదు. అలాగే 1ని 2.5 దగ్గర పెడితే జకాత్ అంచనా: 3 లక్షలకు 7,500, 4 లక్షలకు 10,000. అయితే ఇది అంచనాకే. మామూలు 25 సెంటీమీటర్ల రూల్ మూడు అంకెల వరకే నమ్మకంగా చూపిస్తుంది. డబ్బు ఇచ్చేటప్పుడు కాగితం మీద పైసలతో సహా లెక్క చూసుకోవాల్సిందే.

కొనేముందు మీరే చేసుకోండి

రెండు అట్టముక్కలు చాలు. ఒక్కోదాని మీద 25 సెంటీమీటర్ల గీత గీయండి. ఎడమ చివర 1 రాయండి. అక్కడి నుంచి 2ను 7.5 సెం.మీ. దగ్గర, 3ను 11.9, 4ను 15.1, 5ను 17.5, 6ను 19.5, 7ను 21.1, 8ని 22.6, 9ని 23.9, 10ని 25 దగ్గర గుర్తించండి. రెండు అట్టలూ అంచులు కలిపి జరపండి. 2 × 4 చేసి చూడండి, 8 వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు సంవర్గమానం అంటే ఏంటో ఇంతకంటే బాగా అర్థమయ్యే దారి లేదు.

ఏవి దొరుకుతాయి, ఏం చూడాలి?

జర్మనీవి ఫేబర్ కాస్టెల్, ఆరిస్టో, నెస్లర్. అమెరికావి క్యూఫెల్ అండ్ ఎస్సర్, అల్యూమినియంతో చేసిన పికెట్. జపాన్‌వి హెమ్మి, ఇవి వెదురుతో చేసినవి. తేమకు వెదురు అంతగా వంకర పోదు, అందుకే వాడారు. భద్రాచలం అడవుల పక్కన ఉండేవాళ్ళకు వెదురు గట్టితనం గురించి వేరే చెప్పక్కర్లేదు కదా. పికెట్ రూళ్ళు అపోలో యాత్రల్లో చంద్రుడి దాకా వెళ్ళాయి. అపోలో 11లో బజ్ ఆల్డ్రిన్ తీసుకెళ్ళినది 2007 వేలంలో 77,675 డాలర్లకు పోయింది. ఆ ధర చూసి మన ఇంట్లో దానికీ లక్షలు వస్తాయని ఆశపడొద్దు. అది చంద్రుడి దాకా వెళ్ళింది కాబట్టి అంత పలికింది. మామూలువి లక్షల సంఖ్యలో తయారయ్యాయి.

హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర, మన ఊళ్ళలో పాత సామాన్ల దుకాణాల్లో అడిగి చూడొచ్చు. చేతికి వచ్చాక ఇవి గమనించండి:

- కర్సర్ ఉందా, అద్దం పగిలిందా? కర్సర్ లేనిదానికి విలువ సగం కూడా ఉండదు. విడిగా దొరకడం కష్టం.
- పట్టీ సాఫీగా జరుగుతోందా, మధ్యలో పట్టేస్తోందా?
- సి, డి స్కేళ్ళ 1 కలిపినప్పుడు అటు చివర 10 కూడా కలుస్తోందా? కలవకపోతే వంగినట్టో, కుంచించుకుపోయినట్టో.
- కర్సర్ గీత నిలువుగా ఉందా? ఎ మీది 4, డి మీది 2 ఒకే గీత కింద ఉండాలి.
- కంపెనీ పేరు, మోడల్ నంబరు, డబ్బా, వాడకం పుస్తకం ఉన్నాయా?

వెనక ఎవరైనా తమ పేరు, కాలేజీ చెక్కి ఉంటే దాన్ని చెరపకండి. చాలామంది అది మచ్చ అనుకుంటారు. కానీ అదే ఆ వస్తువు చరిత్ర.

గోదావరి తేమలో ఎలా దాచాలి?

వానాకాలంలో మన దగ్గర బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. చెక్క రూల్ సంగతి చెప్పేదేముంది. తోలు సంచీలో నుంచి తీసి విడిగా, ఆరిన చోట పెట్టండి. పక్కన సిలికా జెల్ పొట్లాలు వేయండి. ఎండలో పెట్టొద్దు, వంకర పోతుంది. తడి గుడ్డను కొద్దిగా సబ్బుతో పిండి తుడవండి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. నీళ్ళలో ముంచొద్దు. థిన్నర్, స్పిరిట్, శానిటైజర్ తగిలితే అంకెలు, ప్లాస్టిక్ పాడవుతాయి. పట్టీ బిగుసుకుంటే కొబ్బరి నూనె, మిషన్ ఆయిల్ వేయొద్దు. అంచులకు కొద్దిగా మైనం రాస్తే చాలు. నాఫ్తలిన్ ఉండలు ప్లాస్టిక్‌కు తగలనివ్వొద్దు.

ఒక జాగ్రత్త. బాగా పాతవాటి మీది తెల్లటి పూత సెల్యులాయిడ్. అది త్వరగా అంటుకుంటుంది, పొయ్యికి దూరంగా ఉంచండి. పూత గోధుమరంగుకు తిరిగి పుల్లటి వాసన వస్తుంటే అది కుళ్ళుతున్నట్టు. మిగతావాటితో కలిపి పెట్టకండి, అవీ చెడతాయి.

ఎందుకు తొందర?

1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ హెచ్‌పీ-35 క్యాలిక్యులేటర్ వచ్చింది. ధర 395 డాలర్లు. మూడు నాలుగేళ్ళలోనే ధరలు పడిపోయాయి, మూడొందల యాభై ఏళ్ళు నడిచిన స్లైడ్ రూల్ ఒక్కసారిగా ఆగిపోయింది. 1974లో ఇరవై ఏళ్ళున్న విద్యార్థికి ఇప్పుడు డెబ్బై దాటాయి. అంటే దీన్ని చదువులో భాగంగా నేర్చుకున్న చివరి తరం మన కళ్ళముందే ఉంది.

పరికరం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. దానితో ఏ వంతెన లెక్క వేశారో, ఏ గనిలో గాలి లెక్క చూశారో చెప్పే మనిషి పోతే ఎక్కడ దొరుకుతాడు? కాబట్టి ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు, రిటైరైన అబ్బాజాన్‌నో, మామూనో, పక్కింటి తాతగారినో కూర్చోబెట్టి స్లైడ్ రూల్ చేతికివ్వండి. ఒక గుణకారం చేసి చూపించమని అడగండి, ఫోన్‌లో వీడియో తీయండి. పేరు, సంవత్సరం, ఎక్కడ పనిచేశారు అన్నది ఒక చీటీ మీద రాసి డబ్బాలో పెట్టండి. ఇంట్లో ఎవరికీ వద్దనుకుంటే మీ పిల్లల బడిలో లెక్కల మాస్టారుకు ఇవ్వండి. పాత సామాన్లవాడికి మాత్రం వేయకండి.